జలుబు మందులు – రక్తపు పోటు

ధనుర్మాసములో తెల్లవారుజామున తాడేపల్లిగూడెం నుండి ఏలూరుకు రైలులో వచ్చేవారికి పట్టాలకు ఇరుప్రక్కల చేలు కనుపించవు. కోత కోసిన పొలాల మీద, కాలువల మీద, దిగువన కొల్లేటి మీద మంచు దట్టముగా పరుచుకొని ఉంటుంది. జలుబులు, దగ్గులు ఇంటింటా తిరిగే దినములు అవి. రక్తపు పోటు ఉన్నవారికి ఆ పోటు మరికొంచెము పెరిగే దినములు కూడ అవే. చలికి చర్మములోని సన్నని రక్తనాళములు ముడుచుకొనడము అందుకు ముఖ్య కారణము.

కైకలూరు ప్రక్క ఒక గ్రామములో అరవై అయిదేండ్ల పెద్దాయన ఒకరున్నారనుకొందాము. ఆయన రక్తపు పోటుకు రోజూ ఉదయము ఒక బిళ్ళ వేసుకొంటారు. ముక్కు దిబ్బడ వేసి రాత్రంతా నిద్ర పట్టలేదు. హైస్కూలులో చదివే మనుమణ్ణి పిలిచి, “ఒరే అబ్బాయ్, మందుల షాపుకు వెళ్ళి జలుబు బిళ్ళలు నాలుగు పట్టుకురా” అంటారు. కుర్రవాడు తెస్తాడు. తాతగారు రోజూ వేసుకొనే బిళ్ళ సంగతి షాపువారు అడగరు, కుర్రవాడు చెప్పడు. ఉదయము వేసిన బిళ్ళ రక్తనాళములను వదులు చేస్తున్నది. మధ్యాహ్నము వేసిన బిళ్ళ వాటినే బిగిస్తున్నది. ఒకే శరీరములో రెండు మందులు ఎదురెదురుగా లాగుతున్నవన్నమాట.

ఇది ఒక ఇంటి ముచ్చట కాదు. 2003–04 సంవత్సరములలో ఉభయ గోదావరి జిల్లాలకు చెందిన 45 గ్రామములలో, సుమారు 1,80,000 జనాభాలో, ఒక సంవత్సర కాలములో జరిగిన మరణములకు కారణములను పరిశోధకులు ఇంటింటికి వెళ్ళి విచారించారు. మొత్తము 1354 మరణములు. వాటిలో నూటికి 32 గుండెకు, రక్తనాళములకు సంబంధించిన జబ్బుల వలన కలిగినవని తేలినది. అంటురోగముల వాటా నూటికి 12 మాత్రమే. పల్లెటూళ్ళలో గుండెజబ్బులు, పక్షవాతము తక్కువ అనే పాత నమ్మకము దానితో చెదిరినది. తరువాత అవిభక్త పశ్చిమ గోదావరి జిల్లాలోనే 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రముల క్రింది 54 గ్రామములలో ఆశా కార్యకర్తలు చేతి కంప్యూటర్లతో నలభై ఏండ్లు దాటినవారి రక్తపు పోటు చూచి, ముప్పు ఎక్కువగా ఉన్నవారిని డాక్టరు వద్దకు పంపే ప్రయోగము కూడ జరిగినది. దాని ఫలితములు 2019లో ప్రకటితమైనవి. ఇట్లా రక్తపు పోటుకు మందు వాడేవారు ఈనాడు ప్రతి వీధిలోను ఉన్నారు. జలుబు చేయనివారు ఏ వీధిలోను లేరు.

రక్తపు పోటు అంటే ఏమిటో డెల్టాలో పుట్టినవారికి చెప్పడము తేలిక. ఏలూరులో గోదావరి కాలువ, కృష్ణా కాలువ వచ్చి కలుస్తాయి. పెద్ద కాలువ నుండి పిల్ల కాలువలు, వాటి నుండి తూముల ద్వారా చేలలోనికి నీరు పోతుంది. ఎగువ నుండి వచ్చే నీరు తగ్గకుండా, తూములన్నిటిని సగము మూసివేస్తే కాలువలో మట్టము పెరుగుతుంది, గట్టు మీద ఒత్తిడి ఎక్కువవుతుంది. శరీరములో గుండె ఎగువ, ధమనులు కాలువలు, ధమనుల చివర, కంటికి కనుపించనంత సన్నగా, గోడలలో కండరము గల సూక్ష్మ ధమనులు తూములు. ఆ తూములు ఎంత తెరచి ఉన్నవన్న దానిమీదనే రక్తపు పోటు చాలవరకు ఆధారపడి ఉంటుంది. 120/80 అన్నప్పుడు మొదటి అంకె గుండె ముడుచుకొన్నప్పటి ఒత్తిడి, రెండవది గుండె వదులైనప్పటి ఒత్తిడి, రెండూ పాదరసపు మిల్లీమీటర్లలో.

ఇక్కడ భౌతికశాస్త్రపు ఉపాధ్యాయులకు పనికివచ్చే లెక్క ఒకటి ఉన్నది. గొట్టములో ద్రవము పారడానికి కలిగే నిరోధము గొట్టపు వ్యాసార్ధము యొక్క నాలుగవ ఘాతమునకు విలోమానుపాతములో ఉంటుందని ఫ్రెంచి వైద్యుడు పొయిసెల్ 1840 ప్రాంతమున కనుగొన్నాడు. అనగా వ్యాసార్ధము పదింట ఒక వంతు తగ్గినచో నిరోధము పదింట ఒక వంతు కాదు, ఒకటికి ఒకటిన్నర రెట్లవుతుంది. (0.9ని నాలుగుసార్లు గుణించి, దానితో 1ని భాగించి చూడండి.) రక్తము నీటివంటిది కాదు, నాళములు గాజు గొట్టములు కావు; కనుక ఈ సూత్రము శరీరములో అక్షరాలా వర్తించదు. అయినా చిన్న బిగింపు ఎంత పెద్ద మార్పు తెస్తుందో దీనివలన తెలుస్తుంది.

ముక్కు సంగతికి వద్దాము. జలుబులో ముక్కు మూసుకొనిపోయేది చీమిడి వలన అని చాలామంది అనుకొంటారు. కొంతవరకే అది నిజము. ముక్కు లోపలి పొరలో రక్తముతో నిండే నాళములు గుంపులు గుంపులుగా ఉన్నాయి. జలుబు వైరస్ సోకినప్పుడు అవి వెడల్పై, రక్తముతో ఉబ్బి, పొర వాచి, గాలి దారి ఇరుకవుతుంది. అందుకే ఎంత చీదినా ముక్కు తెరుచుకొనదు. ఆ నాళములను బిగిస్తే వాపు తగ్గి గాలి ఆడుతుంది. ముక్కు తెరిచే మందులు చేసే పని ఇదే.

నాళములను బిగించే అధికారము శరీరములో సహానుభూత నాడీమండలమునకు ఉన్నది. దాని నాడుల కొసల నుండి నారడ్రినలిన్ అనే పదార్థము ఊరి నాళపు కండరమును ముడిపిస్తుంది. కోపము వచ్చినప్పుడు, భయపడినప్పుడు గుండె దడదడలాడి రక్తపు పోటు పెరిగేది దీనివలననే. సూడోఎఫెడ్రిన్, ఫినైలెఫ్రిన్ అనే జలుబు మందులు ఈ నారడ్రినలిన్‌కు దాయాదులు. కడుపులోనికి వేసుకొన్న బిళ్ళకు ముక్కు ఏదో, కాలు ఏదో తెలియదు. రక్తములో కలిసిన తరువాత ముక్కులోని నాళములను, ఒంటిలోని తూములను కూడ అది బిగించవలసినదే.

ముక్కుకు, రక్తపు పోటుకు ఉన్న ఈ బంధుత్వమునకు తిరుగులేని సాక్ష్యము మన దేశపు మొక్క ఒకటి ఇచ్చినది. సర్పగంధ వేరును వైద్యములో వాడడము ఇక్కడ ప్రాచీనము. అది రక్తపు పోటును తగ్గిస్తుందని 1931లో సేన్, బోసు అనే వైద్యులు వ్రాశారు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ తాను దానితో చేసిన చికిత్సను ఒక ఇంగ్లండు వైద్యపత్రికలో ప్రకటించి ప్రపంచము దృష్టిని ఆకర్షించాడు. 1952లో స్విట్జర్లండులో ఆ వేరు నుండి రిసర్పిన్‌ను వేరుచేశారు. నాడుల కొసలలో నిలువ ఉండే నారడ్రినలిన్‌ను రిసర్పిన్ ఖాళీ చేస్తుంది. తూములు వదులై పోటు తగ్గుతుంది. అయితే ఆ మందు వాడినవారిలో అనేకులు జలుబు లేకుండానే ముక్కు దిబ్బడతో బాధపడ్డారు! పోటు తగ్గించే మందు ముక్కు మూసినది. అటువంటప్పుడు ముక్కు తెరిచే మందు పోటు పెంచడములో వింత ఏమున్నది? త్రాసు ఒకటే, పళ్ళెములు రెండు.

జలుబు మందుల వంశమునకు మూలపురుషుడు ఎఫెడ్రిన్. దానిని చీనా దేశపు మాహువాంగ్ అనే మూలిక నుండి 1885లో జపాను శాస్త్రజ్ఞుడు నాగాయ్ వేరుచేశాడు. దాని చర్య అడ్రినలిన్‌ను పోలి ఉన్నదని 1924లో చెన్, ష్మిట్ అనే ఇద్దరు చూపారు. దాని సంతతిలో ఫినైల్‌ప్రొపనొలమైన్ అనే మందు ఒకటి చాలాకాలము ఇంటింటి మందుగా చెలామణి అయినది. జలుబుకు, కొన్ని దేశములలో ఆకలి తగ్గించుటకు కూడ దానిని అమ్మేవారు. యువతులలో హఠాత్తుగా మెదడులో రక్తనాళము చిట్లిన సంఘటనలు కొన్ని వైద్యులను అనుమానములో పడవేసినవి. అమెరికాలో 18–49 ఏండ్ల వయసులో అట్లా రక్తస్రావము జరిగిన 702 మందిని, జరగని 1376 మందిని పోల్చి చూచి 2000 సంవత్సరములో ఫలితములు ప్రకటించారు. ఆకలి తగ్గుటకు ఆ మందు వాడిన స్త్రీలలో ముప్పు స్పష్టముగా ఎక్కువ. జలుబుకు వాడినవారిలో అంత స్పష్టముగా కనుపించలేదు గాని అనుమానము తీరలేదు. ఆ ఏడాదే అమెరికా ప్రభుత్వము దానిని అమ్మవద్దని కోరినది. మన కేంద్ర ప్రభుత్వపు నిషేధపు ఉత్తర్వు 2011 ఫిబ్రవరిలో వెలువడినది. అంతవరకు ఇక్కడి జలుబు బిళ్ళలు అనేకములలో అది ఉండేది.

ఇంత చెప్పిన తరువాత భయము కలగడము సహజము. కాని శాస్త్రములో భయమునకు కూడ కొలత ఉండాలి. సూడోఎఫెడ్రిన్ మీద జరిగిన 24 ప్రయోగములను, వాటిలోని 1285 మందిని కలిపి లెక్కించి 2005లో ప్రకటించిన ఫలితములో పై అంకె పెరుగుదల సగటున 1 మిల్లీమీటరు మాత్రమే. నాడి నిమిషమునకు సుమారు మూడుసార్లు ఎక్కువగా కొట్టుకొన్నది. పోటు బాగా అదుపులో ఉన్నవారిలో కూడ పెరుగుదల ఇంచుమించు అంతే. ఇది ధైర్యము చెప్పే అంకె. అయితే సగటు లోతు మోకాలి బంటి అని విని కొల్లేటిలో దిగినవానికి గుంటలు ఎక్కడున్నవో తెలియదు. ఒకరికి ఏమీ పెరగదు, మరొకరికి చాలా పెరుగుతుంది. పైగా ఆ ప్రయోగములలో పాల్గొన్నవారు ఆరోగ్యవంతులో, పోటు అదుపులో ఉన్నవారో. పోటు 160, 170 ఉండి మందు సరిగా వేసుకొననివారు, పూర్వము పక్షవాతమో గుండెపోటో వచ్చినవారు, మూత్రపిండములు చెడినవారు – వీరికి ఆ సగటు వర్తించదు. వీరు ఈ మందుల జోలికి పోకూడదు. మిగిలినవారు డాక్టరును అడిగి, పోటు చూపించుకొంటూ, రెండు మూడు రోజులకు మించకుండా వాడవలసి ఉన్నది.

ఫినైలెఫ్రిన్ కథ మరొక విధముగా నడిచినది. ఇప్పుడు మన షాపులలో దొరికే జలుబు బిళ్ళలలో ఎక్కువగా ఉండేది ఇదే. నోటి ద్వారా వేసుకొంటే ప్రేగులు, కాలేయము దానిలో అధికభాగమును విరిచివేస్తాయి. ముక్కు దాకా చేరేది స్వల్పము. 2023 సెప్టెంబరులో అమెరికా మందుల సంస్థ నియమించిన నిపుణులు, మామూలు మోతాదులో ఈ బిళ్ళ ఉత్తి బిళ్ళకంటె మెరుగుగా ముక్కు తెరవదని ఏకగ్రీవముగా తేల్చారు. 2024 నవంబరులో దానిని అటువంటి బిళ్ళల నుండి తొలగించాలని ఆ సంస్థ ప్రతిపాదించినది. ప్రయోజనము లేనిచోట కొద్దిపాటి ముప్పు కూడ ఎందుకు? పోటు ఉన్నవారికి ఈ ప్రశ్న మరీ ముఖ్యము.

ముక్కులో వేసే జైలోమెటజోలిన్ చుక్కలు నేరుగా పనిచేస్తాయి, రక్తములో కలిసేది తక్కువ. కాని నాలుగైదు రోజులు మించితే చుక్కల ప్రభావము తగ్గగానే ముక్కు మునుపటికంటె గట్టిగా మూసుకొంటుంది. అప్పుడు చుక్కల కోసము చుక్కలు వేసుకొనవలసి వస్తుంది.

జలుబు బిళ్ళ సాధారణముగా ఒక మందు కాదు, మూడు నాలుగు మందుల మూట. ఒళ్ళునొప్పులకు అందులోనో, విడిగానో ఇబుప్రోఫెన్, డైక్లోఫినాక్ వంటివి చేరుతాయి. ఇవి మూత్రపిండములలో ఉప్పును, నీటిని నిలిపివేసి పోటును 5 మిల్లీమీటర్ల వరకు పెంచగలవు. అంతకంటె పెద్ద ప్రమాదము వేరొకటి ఉన్నది. ఎనలాప్రిల్, టెల్మిసార్టాన్ వంటి పోటు మందుతోపాటు మూత్రము జారీచేసే బిళ్ళ కూడ వాడుతున్నవారు ఈ నొప్పి బిళ్ళను కలిపితే, మూత్రపిండములకు మూడు వైపుల నుండి దెబ్బ తగులుతుంది. జ్వరముతో నీరు తాగక, వాంతులతో ఒళ్ళు ఎండినప్పుడు ఇది మరింత సులభముగా జరుగుతుంది. జ్వరమునకు, నొప్పికి పారాసిటమాల్ మేలు. దానిలోను చిన్న మెలిక ఉన్నది: నీళ్ళలో వేస్తే బుసబుస పొంగే రకములో ఒక్కొక్క బిళ్ళకు సుమారు 400 మిల్లీగ్రాముల సోడియం ఉండవచ్చు, అనగా ఒక గ్రాము ఉప్పు. రోజుకు అయిదు గ్రాముల లోపు ఉప్పు తినమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఊరగాయ, ఉప్పుచేప లేనిదే ముద్ద దిగని ప్రాంతములో ఆ హద్దు పొంగే బిళ్ళలు లేకుండానే దాటిపోతున్నది.

తుమ్ములకు, ముక్కు కారడానికి వాడే సెట్రిజిన్, క్లోర్‌ఫెనిరమైన్ వంటివి పోటు పెంచవు. కాని క్లోర్‌ఫెనిరమైన్ మత్తు కలిగిస్తుంది. వృద్ధులకు మూత్రము బిగిస్తుంది. ప్రాజోసిన్, క్లోనిడిన్ వాడేవారు రాత్రి మంచము మీదినుండి చప్పున లేస్తే కళ్ళు తిరిగి పడవచ్చు. దగ్గు మందులలో కొన్నిటిలో ఉండే సాల్బుటమాల్, టెర్బుటలిన్ గుండె దడ కలిగిస్తాయి. ప్రొప్రనొలాల్ వేసుకొనేవారిలో ఆ రెండు మందులు ఒకదాని పనిని ఒకటి చెరుపుకొంటాయి. దగ్గు ముదిరి సూక్ష్మజీవనాశని వ్రాయించుకొన్నప్పుడు కూడ పోటు మందు పేరు చెప్పడము మరువరాదు. క్లారిత్రోమైసిన్ అనే మందు ఆమ్లోడిపిన్ శరీరములో విరగకుండా ఆపుతుంది. అప్పుడు పోటు పెరగదు, మితిమీరి పడిపోతుంది.

మందు కాదని అనుకొనేదానిలో మందు ఉండడము మరొక చిక్కు. దగ్గుకు అతిమధురము బుగ్గన పెట్టుకొనడము మన ఇళ్ళలో పాత అలవాటు; దగ్గు బిళ్ళలలోను, కషాయములలోను అది కలుస్తుంది. దాని తీపికి కారణమైన గ్లిసిరైజిన్, ఉప్పును బయటికి పంపకుండా మూత్రపిండములను మోసగిస్తుంది. రక్తములోని పొటాషియంను తగ్గిస్తుంది. ఒకటి రెండు రోజులు చప్పరించినందువలన ఏమీ కాదు. వారముల తరబడి వాడితే పోటు పెరుగుతుంది. మూత్రము జారీచేసే బిళ్ళ వేసుకొనేవారిలో పొటాషియం మరీ పడిపోతుంది. అల్లము, మిరియాలు, తులసి కషాయముతో ఈ ఇబ్బంది లేదు.

ఇంతవరకు జలుబు మందు పోటు మందును ఎట్లా చెరుపుతుందో చూచాము. పోటు మందే దగ్గు తెచ్చే సందర్భము ఒకటి ఉన్నది. ఎనలాప్రిల్, రామిప్రిల్ జాతి మందులు వాడేవారిలో కొందరికి గొంతులో గరగర, కఫము లేని పొడిదగ్గు పట్టుకొంటుంది. జ్వరము ఉండదు, జలుబు ఉండదు. రాత్రి పడుకోగానే ఖళ్ళు ఖళ్ళు. పాపము, ఆ మనిషి సీసా తరువాత సీసా దగ్గు మందు త్రాగుతూనే ఉంటాడు. కారణము తెలిస్తే ఆశ్చర్యము వేస్తుంది. బ్రెజిలు దేశపు రక్తపింజర వంటి ఒక పాము విషములో బ్రాడికైనిన్ అనే పదార్థము విరగకుండా చేసే గుణమున్నదని 1965లో ఫెరేరా అనే శాస్త్రజ్ఞుడు వ్రాశాడు. ఆ మార్గమున సాగిన పరిశోధన నుండి పుట్టి 1981లో అమెరికాలో అనుమతి పొందిన కాప్టోప్రిల్ ఈ జాతికి పెద్దన్న. సర్పగంధకు పేరులో మాత్రమే పాము. వీటికి పుట్టుకలోనే పాము. ఈ మందులు నాళములను బిగించే ఒక పదార్థమును పుట్టనివ్వవు, కనుక పోటు తగ్గుతుంది. అదే ఎంజైము విరువవలసిన బ్రాడికైనిన్ ఊపిరితిత్తులలో పోగుపడుతుంది, దగ్గు పుడుతుంది. దీనికి దగ్గు మందు లేదు. డాక్టరు ఆ మాత్రను మార్చి లొసార్టాన్ వంటిది ఇస్తే దగ్గు ఒకటి నుండి నాలుగు వారములలో, అరుదుగా మరికొంత ఆలస్యముగా, దానంతట అదే పోతుంది. రోగి తనంతట తాను మానడము తగదు. రెండు వారములు మించిన ఏ దగ్గుకైనా క్షయ పరీక్ష చేయించుకొనవలెనన్న నియమము వీరికి కూడ వర్తిస్తుంది.

మానడము అంటే గుర్తుకు వచ్చే పొరపాటు మరొకటి ఉన్నది. “రెండు రకాల బిళ్ళలు ఒకేసారి వేసుకొంటే వేడి చేస్తుంది, జలుబు తగ్గిందాకా పోటు బిళ్ళ ఆపుతాను” అనేవారు పల్లెలలో చాలామంది ఉన్నారు. జలుబు వలన ప్రాణము పోదు. క్లోనిడిన్, ఎటెనొలాల్, ప్రొప్రనొలాల్ వంటివి హఠాత్తుగా ఆపితే పోటు, నాడి మునుపటికంటె ఎగిరి పడతాయి. ప్రాణాపాయము అక్కడ ఉన్నది. ఆపవలసి వస్తే ఆపవలసినది జలుబు బిళ్ళ. ఏ మందు వేసుకొన్నప్పటికి తీవ్రమైన తలనొప్పి, గుండెలో నొప్పి, మాట తడబడడము, ఒక చేయి పడిపోవడము కనుపిస్తే ఊరి వైద్యము చూడకుండా 108కి ఫోను చేయాలి.

ఇప్పుడు కైకలూరు ప్రక్క ఊరిలోని కుర్రవాని వద్దకు మరల వద్దాము. బిళ్ళల అట్ట మీద కంపెనీ పెట్టిన పేరు పెద్ద అక్షరములలోను, అసలు మందుల పేర్లు చీమతలకాయంత ఇంగ్లీషు అక్షరములలోను ఉంటాయి. తాతగారి కళ్ళకు అవి ఆనవు. ఆనినా ఆయనకు ఇంగ్లీషు రాకపోవచ్చు. కుర్రవానికి వచ్చు. రసాయన నామములు నోరు తిరగనివైనా వాటి తోకలు గుర్తుపెట్టుకొనడము తేలిక. “ఎఫెడ్రిన్”, “ఎఫ్రిన్” తోక ఉంటే నాళములను బిగించేది. పోటు మందుల అట్ట మీద “ప్రిల్” తోక ఉంటే దగ్గు తేగలిగిన జాతి. “సార్టాన్” ఉంటే దాని బదులు వాడేది. “డిపిన్” తూములను వదులు చేసేది. “ఒలాల్” గుండె వేగమును తగ్గించేది. రెండు అట్టలనూ ప్రక్కప్రక్కన పెట్టుకొని చదవడము అయిదు నిమిషముల పని. తాతగారి పాత అట్టను జేబులో వేసుకొని వెళ్ళి షాపులో చూపించి, “ఈయన ఇది వాడుతున్నారండీ, దీనితో పడే జలుబు మందు ఇవ్వండి” అని అడిగితే, ఫార్మసిస్టు తెచ్చి ఇచ్చేది వేరుగా ఉంటుంది.

ఆ రాత్రికి ముక్కు తెరుచుకొనడానికి మందే కావాలన్న నియమము లేదు. కాచి చల్లార్చిన 200 మిల్లీలీటర్ల నీటిలో చిన్న చెంచాలో మూడవ వంతు ఉప్పు కరిగిస్తే దాని గాఢత ఇంచుమించు రక్తపు గాఢతకు, అనగా నూటికి 0.9కి, సరిపోతుంది. అందువలన అది ముక్కులో మండదు. ముక్కుకు రెండు మూడు చుక్కల చొప్పున వేసి చీదితే పొరమీది చీమిడి పలుచబడి వస్తుంది. ఆ చుక్కలలో ఉప్పు లెక్కలోనికి రాదు. రక్తపు పోటు ఉన్నవారు నిశ్చింతగా వాడవచ్చు. మిగిలిన నీటిని మరునాటికి దాచకుండా పారబోసి, తిరిగి కొత్తగా కలుపుకొనాలి.